పిడికెడు తీసిన లెక్క

మా పిల్లలకు కూడిక వచ్చు, తీసివేత వచ్చు, కష్టపడితే భాగహారమూ వచ్చు. అంకెల పక్కన నాలుగు మాటలు చేరితే మాత్రం నోరు పెగలదు. పుస్తకంలో వాటిని పద సమస్యలు అంటారు. మా బడిలో అవి మాటల లెక్కలు. లెక్క చదవడం పూర్తి కాకముందే అందరూ ఒకటే ప్రశ్న వేస్తారు: "మేడం, కూడల్లా, తీయల్లా?"

డోన్ నుంచి ఆటోలో వెళ్ళే ఒక చిన్న ఊళ్ళో నాది ఒక్క టీచరు బడి. ఒకరోజు పుస్తకంలో ఈతకొలను లెక్క వచ్చింది. ఈతకొలను అంటే ఏమిటో చెప్పాను. "అన్ని నీళ్ళల్లో ఊరికే ఆడుకుంటారా మేడం?" అని ఒకడు నోరు తెరిచాడు. రెండు రోజులకొకసారి ట్యాంకరు వచ్చే ఊరు అది. నాకు ఒళ్ళు మండింది, పిల్లల మీద కాదు. పుస్తకం బీరువాలో పడేసి సొంతంగా లెక్కలు కట్టడం మొదలుపెట్టాను.

ట్యాంకరు లెక్క బాగా నడిచింది. బెంచీ ట్యాంకరు, సంచులు బిందెలు. నేను డ్రైవరంటే నేనని కొట్టుకున్నారు. ఆటో లెక్క మాత్రం నన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఆటోకు ఎనిమిది మంది చొప్పున నలభై మందికి ఎన్ని ఆటోలు కావాలి అంటే, "రెండుంటే సాలు మేడం, ఎంతమందైనా పడతారు" అన్నారు. రోజూ ఒక కాలు బయటపెట్టి అదే ఆటోలో వచ్చే నేను కాదని ఎట్లా అంటాను?

ఆ పిల్లల్లో నాలుగో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ. చలికాలం వస్తే వాళ్ళ ఇంటిల్లిపాదీ గుంటూరు దిక్కుకు మిరప కోతలకు పోతారు. అట్లా వలస పోవడాన్ని అక్కడ సుగ్గికి పోవడం అంటారు. దాని అక్క కూడా నా దగ్గరే చదివింది. ఐదో తరగతి అయ్యాక సుగ్గికి పోయి మళ్ళీ బడి మొహం చూడలేదు. ఈ పిల్లకైనా గురుకులంలో ఐదో తరగతి సీటు రావాలని నా పంతం. ప్రవేశ పరీక్ష వేసవి మొదట్లో. అందులో లెక్కలన్నీ మాటల లెక్కలే. సీటు వస్తే చదువు, లేకపోతే మిరప చేను. మధ్యలో ఇంకో దారి లేదు.

ఈసారి పిల్లను సుగ్గికి తీసుకుపోవద్దని వాళ్ళమ్మను బతిమాలాను. "మేము పనికి పోతే దీన్ని ఎవరు చూసుకుంటారు మేడం?" అని ఆమె శానాసేపు ఆలోచించి, చివరికి పిల్లను అవ్వ దగ్గర వదిలి పోయింది. ఆ రోజు నుంచి నా తల మీద బరువు పడింది.

ఒకరోజు బోర్డు మీద రాశాను: ఇంట్లో అరవై గ్లాసుల బియ్యం ఉన్నాయి. రోజుకు ఐదు గ్లాసులు వండితే ఎన్ని రోజులు వస్తాయి? అందరూ పన్నెండు అన్నారు. ఆ పిల్ల పలక మీద పదకొండు.

"ఐదో ఎక్కం మర్చిపోయినావా?" అని గద్దించాను.

"పన్నెండో నాటికి చాలవు మేడం. పిడికెడు తీయల్ల కదా."

"ఏం పిడికెడు?"

నా అజ్ఞానానికి జాలిపడినట్టు చూసింది. అన్నం వండే ముందు బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారట. పొద్దున ఒకటి, మాపటికి ఒకటి. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది. ఊళ్ళో చర్చికి పోయే ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఆ ఇళ్ళ పిల్లలంతా, "అవును మేడం, మేమే మర్చిపోయినాం" అని తమ పన్నెండును తుడిచేశారు. నాది కమలాపురంలో అంగడి పెట్టుకున్న కుటుంబం. ఉగ్గుపాలతో లెక్కలు నేర్చినదాన్నని నాకొక గర్వం. ఇంటికి పోయి లెక్క వేసి చూశాను. పిల్ల చెప్పిన ప్రకారం వాళ్ళమ్మ పిడికిలితో ఐదు పిడికిళ్ళు ఒక గ్లాసట. వండే ఐదు గ్లాసులు కాక రోజుకు రెండు పిడికిళ్ళు తీస్తే నిజంగానే పదకొండు రోజులే వస్తాయి. మరునాడు పిల్ల పలక మీద రైటు కొట్టాను.

రైటు కొట్టానే గానీ భయం పట్టుకుంది. మీ ఇంటి లెక్కలు చేయండని నేర్పింది నేనే. పరీక్ష పేపరు వాళ్ళ ఇంట్లో తయారు కాదు కదా. "పరీక్షలో పిడికెడు తీయొద్దు. లెక్కలో రాసిందే ఉంటుంది, రాయనిది లేదు" అని చెప్పాను.

"దేవునికి తీయకుండా యట్ల వండుతారు మేడం?"

"లెక్కలో వండుతారు."

"అయితే అది తప్పు లెక్క."

మూడు నెలలు ఇదే గోల. తల ప్రాణం తోకకొచ్చింది. నూనె లెక్క ఇచ్చాను, మేకల లెక్క ఇచ్చాను, బట్టల లెక్క ఇచ్చాను. అన్నీ చకచకా చేసేది. బియ్యం దగ్గరికి వస్తే మాత్రం పిడికెడు తీసేది.

పరీక్ష రోజు డోన్‌లో సెంటరు గేటు బయట ఎండలో నిలబడ్డాను. పిల్ల బయటికి రాగానే చెప్పింది: "బియ్యం లెక్క వచ్చింది మేడం."

"ఏం పెట్టినావు?"

"కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో నాకొచ్చింది ల్యాకపాయ."

"మరి?"

"ఆ ఇంటోళ్ళు చర్చికి పోరేమోలే అని, తీయని జవాబు పెట్టినా." చెప్పులు వేసుకుంటూ, "పాపం" అంది.

పక్కవాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాను. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నెల తర్వాత సీట్ల జాబితాలో దాని నంబరు కనిపించింది.

జూన్‌లో వాళ్ళమ్మ టీసీ కోసం వచ్చింది. మిరపకాయల మంటకు వేళ్ళ తోలు ఇంకా ఊడుతూనే ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఊరికే మాట కలపడానికి, "ఇకమీద సుగ్గికి ఒక మనిషి తక్కువ. పని ఎట్లమ్మా?" అన్నాను.

"తక్కువ కాదు మేడం, తీసిపెట్టినాము" అందామె. "పిడికెడు తీసేది వండకముందే కదా. పెద్దదాని అప్పుడు నాకు ఆ తెలివి ల్యాకపాయ. పొయ్యి మీదికెక్కినాక యాడ తీస్తాము?"

ఆమె నన్నేమీ అనలేదు. తన తెలివిని తాను తిట్టుకుంది, అంతే. కానీ ఆ పెద్దపిల్ల ఐదేళ్ళు నా ముందు కూర్చుని మాటల లెక్కలు రాక తల వంచుకున్న పిల్ల. అప్పుడు నేను ఈతకొలను లెక్కే చెప్పాను, రాకపోతే తిట్టాను, సుగ్గికి పోతుంటే రిజిస్టరులో పేరు మీద గీత కొట్టాను. చిన్నపిల్ల టీసీ రాసి, సంతకం చేసి, ఆమె చేతికిచ్చాను.