చెయ్యెత్తకుండా చెక్కిన పేరు

ఇత్తడి రేకు మీద ఒక తల్లి పేరును దండెం మీద బట్టల్లా ఆరేసిన ఘనురాలిని నేను. నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టండి, తర్వాత ఊపిరి అందదు.

నాకు యాభై దగ్గరపడ్డాక అక్షరాలు వచ్చాయి. అంతవరకూ నాచారంలో ఒక నేమ్‌ప్లేట్ల షాపులో ఇత్తడి రేకులకు పాలిష్ పట్టేదాన్ని. పొద్దంతా ఊళ్లోవాళ్ల పేర్లన్నీ తోమేదాన్ని, ఒక్కటీ చదవలేకపోయేదాన్ని. చదువొచ్చాక ఊరుకుంటానా? షాపులో డ్రాయింగులు గీసే స్రవంతి పక్కన చేరి కంప్యూటర్‌లో బొమ్మలు గీసే క్యాడ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. రాజమండ్రి పిల్ల, ఓపిక ఎక్కువ. పాపం, ఆ ఓపికంతా నా మీదే ఖర్చయింది.

క్యాడ్‌లో మనకు నచ్చిన బొమ్మను మనమే తయారుచేసి దాచుకోవచ్చు. ఎటువైపు, ఎంత దూరం గీయాలో వరసగా అంకెల్లో చెప్పాలి. ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే పెంపుడు కోడిలా వచ్చి వాలుతుంది. నేను మొదట తామరపువ్వు చేశాను. ముగ్గులో లాగే ఒకే గీత, మొదలుపెట్టిన చోటే ముగింపు. మిషన్ దాన్ని ఇత్తడి మీద అచ్చం అలాగే చెక్కింది. ఇంకేముంది, నా తల షాపు పైకప్పును తాకింది.

"సేటూ, ఇగ అచ్చరాలు గూడ నేనే జేస్త. మన షాపుకు మనదే రాత ఉండాలె," అన్నాను.

షాపు యజమాని మల్లేశం సేటు గడ్డం గోక్కున్నాడు. "నారపల్లి ఐలయ్యది ప్లేటున్నది. 'రాములమ్మ నిలయం' అని వాళ్లమ్మ పేరు. రేపు పొద్దుగాల గృహప్రవేశం. మంచిగొస్తే కంప్యూటర్ కుర్చీ నీదే అక్కా. ఖరాబైతే మల్ల పాలిష్ గుడ్డ పట్టాలె."

ఆ పేరుకు కావలసిన అక్షరాలు తయారుచేస్తుంటే స్రవంతి నా భుజం మీదుగా తొంగిచూసింది. "ఆంటీ, అక్షరం అయ్యాక పెన్ను, అంటే మిషన్ సూది, పైకెత్తమని చెప్పే అంకె ఒకటి పెట్టాలండీ. తలకట్టుకీ, వత్తుకీ, సున్నాకీ కూడా."

"ఎందుకు బిడ్డా ఎత్తుడు? రామంతాపూర్‌ల మా గల్లీల అడుగు, ఈ యాదమ్మ ముగ్గేస్తే నడుమ చెయ్యెత్తుతదా అని. చెయ్యెత్తిందంటే ముగ్గు రానట్టే."

"ఇది ముగ్గు కాదు కదా ఆంటీ..."

"తామరపువ్వప్పుడు గూడ గిట్లనే అన్నవ్. ఏమైంది?"

పిల్ల తన పనికి వెళ్లిపోయింది. గెలిచినందుకు నేను ఏడవాల్సిన వాదం అది.

తెర మీద అక్షరానికీ అక్షరానికీ మధ్య సన్నని గీతలు కనబడ్డాయి, అబద్ధమెందుకు చెప్పాలి? ముగ్గుకు చుక్కల్లాగే ఇవీ, పనయ్యాక కనబడవు అనుకున్నాను. కానీ అక్కడున్నది ముగ్గుపిండి కాదు, ఇత్తడిని చీరే సూది.

మీట నొక్కాను. సూది "రా" చెక్కింది. పైకి లేవకుండా, రేకును గీరుకుంటూ "ము" దగ్గరికి నడిచింది.

"సేటూ! సూది లేస్తలేదు!"

"లేవుమని నువ్ చెప్పినవా అక్కా?"

మిషన్ ఆపే మీట ఎదురుగానే ఉంది, నేను మాత్రం రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాను. అంతా అయ్యాక చూస్తే అక్షరాలన్నీ ఒకే తాడుకు వేలాడుతున్నాయి. చివరి సున్నా బావిలో దించిన చెంబులా ఉంది.

సరిగ్గా అప్పుడే, ఉప్పల్ నుంచి షేర్ ఆటో నడుపుకుంటూ వచ్చి ఐలయ్య దిగాడు. ప్లేటు చూసి నోరు తెరిచాడు. "ఏందక్కా, మా అమ్మను తాడుతోని కట్టేసినవ్?"

"గది ఎన్క దిక్కు తమ్మీ," అన్నాను రెప్ప వేయకుండా. "ముందు దిక్కు ఇంక కాలే. జర చాయ్ తాగి రా పో."

అతను అటు వెళ్లగానే పాలిష్ గుడ్డ అందుకున్నాను. కుర్చీ పోతుందన్న భయంతో రేకును తిప్పి, ఖాళీగా ఉన్న రెండో వైపును ఎంత తోమానంటే, అందులో సేటు కోపం స్పష్టంగా కనబడింది. స్రవంతి చెబుతుంటే పెన్ను ఎత్తే అంకెలన్నీ నేనే పెట్టాను. ఈసారి సూది బుద్ధిగా లేచింది, దిగింది. అక్షరాలు దేనికది విడిగా, ముత్యాల్లా నిలిచాయి. ఐలయ్య మురిసిపోయి తీసుకెళ్లాడు. కుర్చీ దక్కిందని నేనూ మురిశాను.

మర్నాడు ముగ్గురం నారపల్లి వెళ్లాం. గేటు దగ్గరే సేటు ఆగిపోయాడు. గోడకు బిగించిన ప్లేటు మీద, వచ్చేపోయే వాళ్లందరికీ కనబడేలా, నా దండెం!

"ఐలయ్యా, ఉల్టా బిగించినవ్‌రా!" అన్నాడు సేటు.

"నేను కాదన్నా, మా అమ్మ బిగించమన్నది."

రాములమ్మ పమిటతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "నాకు సదువు రాదు బిడ్డా. ఆ దిక్కు చూస్తే అచ్చరాలు ఏడియి ఆడ పడ్డట్టున్నయ్. ఈ దిక్కు మంచిగ మెలికల ముగ్గు లెక్క ఉన్నది. సదువొచ్చినోళ్లు ఎట్లైన సదువుకుంటరు తీ."

పక్కింటామె ముందుకొచ్చింది. "సేటూ, మాకు గూడ గిట్లనే తాడుతోనే కావాలె."

సేటు నా వైపు చూశాడు. ఆ చూపులో తిట్టూ ఉంది, బేరమూ ఉంది. "కుర్చీ నీదే అక్కా. గని నీకు దండం పెడత, అడగనోళ్లకు మాత్రం చెయ్యెత్తి గియ్యి."

భోజనాల బంతిలో కూర్చుని, రాములమ్మ ఇంటి సాక్షిగా గంభీరంగా ప్రమాణం చేశాను. బతికున్నంతకాలం అక్షరానికీ అక్షరానికీ మధ్య చెయ్యి ఎత్తకుండా ఉండను!

"ఏదీ, ఒకసారి ఎత్తి చూపించండి ఆంటీ," అంది స్రవంతి.

నా చెయ్యి అప్పటికే విస్తరిలో ఉంది, బగారన్నం, గుత్తి వంకాయ కూర పొగలు కక్కుతున్నాయి.

ఎత్తలేదు.