పది నిమిషాల నెట్‌వర్క్

నిన్న మా గని ఆఫీసుల నేను చేసిన ఘనకార్యం చెప్త, చాయ్ ఒలకపోసుకోకుంట వినుండ్రి. మా ఇంటామె నిన్నటి సంది నాతోని మాట్లాడుతలేదు!

సంగతేందంటే, మా బామ్మర్ది శంకర్ శ్రీరాంపూర్ నుంచి ఇక్కడి గనికి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిండు. ఎనిమిది నెలల నుంచి మా రెండర్రల క్వార్టర్ల ఆయన, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, మేం నలుగురం. పొద్దుగాల బాత్‌రూం కాడ లైను చూడాలె, రేషన్ షాపు నయం.

ఈసారి కంపెనీ క్వార్టర్ వచ్చేటోళ్ల లిస్టు తయారుచేసేది నేనే. నిన్న అయిదింటి లోపల సార్ సంతకం కావాలె. తెల్లారితే సార్ నెల రోజులు లీవు. "మా తమ్ముని పేరు లేకుంట ఇంటికి రాకు" అని మా ఇంటామె పొద్దుగాల్నే ఆర్డర్ ఇచ్చింది.

లిస్టేమో పాత కంప్యూటర్ల ఉన్నది. దానికి ఫ్లాపీ నడువదు, పెన్‌డ్రైవ్ పెడ్దమంటె సందే లేదు. ప్రింటరున్న కొత్త కంప్యూటర్ పక్క రూముల.

"ఇంజినీర్ను పిలుద్దామా?" అన్నరు సార్.

"ఎందుకు సార్? కేబుల్ ఏసి నెట్‌వర్క్ చేస్త. పది నిమిషాల పని!" మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసిన మనిషిని, ఊకుంటనా?

కిటికీల నుంచి కేబుల్ గుంజిన. రెండిట్ల నెట్‌వర్క్ నంబర్లు కొట్టిన. ఒకదాన్ని ఒకటి గుర్తువడ్తలేవు, పంపకాలు తెగని అన్నదమ్ముల లెక్క. కేబుల్ మార్చిన. ఆఫ్ చేసి ఆన్ చేసిన. నా పది నిమిషాలు మధ్యాహ్నం రెండింటి దాంక నడిచినయ్.

అప్పుడు అటెండర్ ఖాజాభాయ్ పాతదాని కేబుల్ పీకి, టార్చి కొట్టి చూసిండు. "సార్, ఈ బొక్క లోపల ఎర్రగున్నది."

కుంకుమ! దసరాకు గనిల పంపులకు, మోటర్లకు చేసినట్టే కంప్యూటర్‌కు గూడ ఆయుధపూజ చేస్తం గదా.

"దీంట్ల బొట్టు పెట్టిన తెలివిమంతుడెవడు?" అని గరమైన.

"మీరే సార్. మూడు దసరాల నుంచి. ముందల పెడ్తే అద్దం ఖరాబైతదని, ఖాళీ బొక్కేగదా అని..."

ఇగ సేఫ్టీ పిన్నుతోని గోకిన. కుంకుమ ఎల్లింది. దానెంట లోపలి సన్నటి తీగలు గూడ ఎల్లినయ్.

మూడైంది. ఇగ ఒక్కటే తొవ్వ: పాతదాంట్ల నాలుగు పేర్లు చూసుడు, పక్క రూముకు ఉరికి కొత్తదాంట్ల కొట్టుడు. మళ్ల ఉరుకుడు. నూట అరవై పేర్లు! రెండు కంప్యూటర్ల నడుమ కేబుల్‌ను నేనే.

సగంల శంకర్ తలుపు కాడ నిలవడ్డడు. "బావా, నా పేరొచ్చిందా?"

"డెబ్భై ఎనిమిదోది నీదే. గిప్పుడు అదే కొట్టబోతున్న, అడ్డం జరుగు!" అని ఆయన్ను గేటు దాంక తోలి, వచ్చి మళ్ల పన్ల వడ్డ.

అయిదింటికి పది నిమిషాలుండంగ సార్ సంతకం పెట్టిండు. "శభాష్, నీ నెట్‌వర్క్ మంచిగనే పనిచేసిందయ్యా!"

"అవును సార్" అన్న, రొప్పుకుంట.

లిస్టు బోర్డు మీద అంటిచ్చినం. శంకర్ మీదికెల్లి కిందికి, కిందికెల్లి మీదికి రెండుసార్లు చదివిండు. "బావా, డెబ్భై ఎనిమిదిల ఎవరో సదానందం ఉన్నడు గదా?"

సార్ జీపు అప్పటికే గేటు దాటింది. నూట యాభై తొమ్మిది మందిని పదిలంగ ఈ రూం నుంచి ఆ రూంకు మోసిన. తొవ్వల జారవిడిచింది మా బామ్మర్దినొక్కన్నే!