మా బావగారు కెమెరా తూచిన విధం

ఈ రోజు మా మేనకోడలికి మొదటి కెమెరా కొనడానికి ఏలూరు వెళ్లాం. పిల్ల ఫోటోగ్రఫీ కోర్సులో కొత్తగా చేరింది. కొల్లేరులో పడవెక్కి గూడబాతుల ఫోటోలు తీయాలి కాబట్టి తేలికైనది కొనుక్కోమని వాళ్ల మేష్టారు చెప్పారట. తను అలాంటిదే ఎంచుకుంది.

వాళ్ల నాన్న, అంటే మా బావగారు, ఉండిలో చేపల చెరువులు చేస్తారు. ఏ వస్తువునైనా చేతిలో ఆడించి, బరువు చూశాకే మాట్లాడతారు.

"ఇదేంటండీ, చేపపిల్లలా ఉంది. ఇది పట్టుకెళ్తే పెళ్లిలో ఎవరైనా పక్కకి జరుగుతారా? ఆ పెద్దది తియ్యండి," అన్నారు షాపాయనతో.

"పక్షులు జరక్కుండా ఉంటేనే నాకు మంచిది నాన్నగారూ," అంది పిల్ల.

తను పొడవాటి లెన్సుతో సహా ఆ పెద్ద కెమెరాను ఆయన మెడలోనే వేసి, కాసేపు ఉంచుకోమంది. ఆయన దర్జాగా అద్దంలో చూసుకుని, షాపాయనకు చెరువుల కబుర్లు మొదలుపెట్టారు. టీ వచ్చేసరికి మెడ రుద్దుకుంటున్నారు.

"ఆ చేపపిల్లనే ఇచ్చెయ్యండి. పెంచుకుంటుంది," అన్నారు చివరికి.

తన చెరువులో ఆయన ఏనాడూ పెద్ద చేపలు కొని తెచ్చి వెయ్యలేదు. మీ ఇంట్లో మొదటి కెమెరా సంగతి ఎవరి మెడ మీద తేలిందో చెప్పండి.