పార్థివదేహం, మృతదేహం

కువైట్‌లో చనిపోయిన తెలుగువాళ్లను సొంతూళ్లకు పంపే సంఘం తన చరిత్ర రాయమని పాత విలేకరినైన నన్ను అడిగింది. రాసి, కువైట్‌లోని సాల్మియాలో సభ్యులకు చదివి వినిపించాను. అవగానే, జాబ్రియాలో ఇంటిపని చేసే కడప ఆమె లేచింది. చనిపోయిన ఆమె చెల్లెల్నీ, నేను రాసిన ఒక ఇంజనీరునీ ఈ సంఘమే ఊళ్లకు పంపింది.

"ఇంజనీరు సారుదేమో పార్థివదేహం అంటిరి. మా చెల్లెలిది మృతదేహం అంటిరి. పెట్టె ఒగటే గదా సార్? పెట్టెలో గూడా మేము పనోళ్లమేనా?"

ఎవరో నవ్వారు. పత్రికలో పెద్దవాళ్లకో మాట, కూలీలకో మాట ఏళ్ల తరబడి రాశాను. ఎవరూ అడగలేదు.

"తప్పయిందమ్మా, దిద్దుతాను."

"ఇప్పుడే దిద్దండి సార్. మాయమ్మకు పంపాల."

పెన్ను తీసి ఆ పేజీ తిప్పాను. ఇంజనీరు పేరుంది. ఆమె చెల్లెలి దగ్గర 'ఒక పనిమనిషి' అని మాత్రమే ఉంది. పేరేమిటని ఆమెనే అడగాల్సి వచ్చింది.