గూడెం పలక

బడి పాత గదులు కూల్చి కొత్తవి కడుతున్నారనీ, కొత్త నేల కింద ఒక ఇనుప పెట్టె పాతిపెడతారనీ, అందులో ఏమేమి పెట్టాలో నేనే తేల్చాలనీ హెడ్మాస్టరు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది బస్సు. కారేపల్లిలో నా ఇంటి నుంచి ఆ అడవి అంచు గూడేనికి రెండు బస్సులు మారి, ఆపైన ఆటో ఎక్కాలి. నా మోకాళ్ళు ఆ దారిని ఎప్పుడో వద్దనుకున్నాయి.

"మీరు లేకుంటే ఎట్ల మేడం? ఈడ అందరికంటే ఎక్కువ కాలం పాఠం చెప్పింది మీరే. యాభై ఏండ్లకు తీసి చూస్తరు. చదువుకు సంబంధించినవే ఉండాలె," అన్నాడాయన.

"యాభై ఏళ్ళకే తియ్యాలని వాళ్ళకెట్లా తెలుస్తుంది?"

"పెట్టె మీద రాయిద్దాం."

"తేదీ లేకుండా రాయిస్తే ఒప్పుకోను."

ఆ ఒక్క మాట అన్నందుకు వెళ్ళక తప్పలేదు.

వరండాలో అప్పటికే కుప్ప పోసి ఉంది. ఆటల కప్పులు, టై, బెల్టు, బళ్ళు మూతబడ్డ రోజుల్లో ఎవరో దానమిచ్చిన పగిలిన ట్యాబ్, ఒక పక్క సొట్టబడిన భూగోళం, అట్టలు ఊడిన ఎక్కాల పుస్తకం. ఒకప్పుడు గంటగా కొట్టిన రైలు పట్టా ముక్క కూడా పెట్టాలన్నారు. అది పెడితే పెట్టెలో ఇంకేదీ పట్టదని కొలిచి చూపించేసరికి నాకు చెమటలు పట్టాయి. వస్తువు తెచ్చిన ప్రతివాళ్ళనూ ఇది ఎప్పటిదని అడిగాను.

"మా చిన్నోడు పుట్టిన ఏడాదిది."

"గోదారి బాగ వచ్చిందే, గప్పటిది."

గోదావరి ఎన్నిసార్లు రాలేదు? యాభై ఏళ్ళ తర్వాత మూత తెరిచేవాడికి అది ఏ గోదావరో ఎవరు చెబుతారు? నా ఇంట్లో స్టూలు అడుగున, గొడుగు పిడి మీద, కుక్కరు కింద, కొన్న తేదీ లేని వస్తువు లేదు. "నా మీద రాయలేదు, అదే పదివేలు," అనేవారు మా ఆయన. ఆయన పోయాక ఆ అలవాటును వెక్కిరించేవాళ్ళు కూడా లేరు. కానీ తేదీ లేని వస్తువు నా కళ్ళకు సగమే కనబడుతుంది. ఆ కుప్పంతా సగం సగంగానే కనబడింది.

మధ్యాహ్నం పిల్లలకు అన్నాలు పెట్టాక వంటమ్మ ఒక పలక తెచ్చింది. ఆమె నా దగ్గర ఒకటో తరగతి చదివిన పిల్లే. ఇప్పుడు ఆ బడిలోనే వండుతోంది. ఇంట్లో పాతదేమైనా ఉంటే తెమ్మని పొద్దున నేనే అడిగాను. చెక్క చట్రం ఉన్న రాతిపలక. ఒక మూల ఇంత పెచ్చు లేచింది. చట్రం వెనక్కి తిప్పితే మేకుతో గీరిన తేదీ, నా చేతి రాతే. ఆ బడికి వచ్చిన కొత్తలో భద్రాచలం వెళ్ళి పిల్లల కోసం పలకలు కొనుక్కొచ్చిన రోజు అది. అన్నిటి మీదా గీరాను. మిగిలింది ఇదొక్కటే కాబోలు. చట్రం మూడు వైపులా కత్తిగాట్లు ఉన్నాయి. పిల్లల ఆగడమనుకుని మనసులోనే విసుక్కున్నాను.

ఆ కుప్ప మొత్తంలో తేదీ ఉన్న వస్తువు అదొక్కటే. "పెట్టెలోకి ఇస్తావా?" అన్నాను.

కొంగుతో చెయ్యి తుడుచుకుంది. "నువ్వు అడిగినంక లేదంటనా టీచరమ్మా," అంది.

ఇచ్చినట్టేనని రాసుకున్నాను.

మూడోసారి వెళ్ళిన రోజు పెట్టె మూత వేయించాం. తెల్లవారితే పెద్దలు వస్తారు, గుంటలో దింపుతారు. కదిలితే విరుగుతాయని ఒక్కో వస్తువూ ఇరికించి నేనే సర్దాను. పలకను పక్క గోడకు ఆనించి నిలబెట్టాను. అశ్వారావుపేట నుంచి వచ్చిన వెల్డింగ్ అతను మూత నాలుగు మూలలా అతుకు వేసి టీకి వెళ్ళాడు. నేను గోడకు చేరబడి కళ్ళు మూసుకున్నాను. పని అయిపోయిందన్న సంతోషం కూడా ఓపిక ఉంటేనే వస్తుంది.

వంటశాల దగ్గర మాటలు వినిపించాయి. ఒక చిన్న వయసావిడ, చంకలో తలకు నూనె పెట్టిన ఐదేళ్ళ పిల్ల, చేతిలో కొబ్బరికాయ. మొదట వాళ్ళ భాషలోనే గట్టిగా ఏదో అంది. నాకు ఆ భాష సగమే తెలుసు. తర్వాత నాకు వినబడాలనే కాబోలు, తెలుగులోకి వచ్చింది.

"పోయిన వారమే చెప్పిన గదా అత్తా, ఇయ్యాల వస్తమని. పలకేది?"

వంటమ్మ గరిటె కడుగుతూ తల ఎత్తలేదు. "టీచరమ్మ అడిగింది."

"అడిగితే ఇచ్చుడేనా? నీ పుట్టింటోళ్ళు పెట్టిన్రా అది? గూడెం సొమ్ము గాదా?"

"నాకు అక్షరం చెప్పిన మనిషి అడిగితే లేదని ఎట్లంట? నీకైతే నోరొస్తదా?"

"నాకొస్తది," అంటూ ఆమె నా ముందుకే వచ్చింది. వచ్చాక మాత్రం గొంతు తగ్గింది. "టీచరమ్మా, పలక మా పిల్లకు గావాలె."

నేను ఆ బడి వదిలాక మొదలైన ఆనవాయితీ, ఆమె చెబితేనే నాకు తెలిసింది. ఆ గూడెంలో బడికి వచ్చే ప్రతి పిల్లకూ మొదటి గీత ఆ పలక మీదే పెట్టిస్తారట. ఆ పలక మీద నేర్చినవాళ్ళలో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు చెయ్యి పట్టి దిద్దిస్తారు. దిద్దిన గుర్తుగా చట్రం మీద ఒక గాటు. మళ్ళీ కొత్త పిల్ల వచ్చేదాకా పలక ఆ ఇంట్లోనే ఉంటుంది. కిందటిసారి దిద్దింది వంటమ్మ మనవడు. అందుకే పలక ఆమె ఇంట్లో ఉంది. గీత పడని పిల్లను బడిలో కూర్చోనివ్వరు, పెద్దవాళ్ళకు మనసొప్పదు.

హెడ్మాస్టరు వచ్చి నిలబడ్డాడు. "ఇంకో పలక కొనిస్తనమ్మా, రేపే తెప్పిస్త."

"కొత్త పలక మా ఇంట్ల గూడ ఉన్నది సారూ," అంది ఆమె.

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, రేపటి పిలుపు కార్డులల్ల పదకొండు వస్తువులని అచ్చేసినం. పలక ఫొటో గూడ పెట్టినం."

నాకు కోపం వచ్చింది, అయితే ఎవరి మీదో తెలియలేదు. ఆ బడిలో చెప్పినన్నాళ్ళూ ప్రతి జూన్‌లోనూ ఆ గూడెం గుమ్మాలన్నీ ఎక్కి దిగాను. పిల్లను పంపండి, పంపండి అని. ఇవాళ ఒకామె పిల్లకు తలంటి, ఎవరూ పిలవకుండా తనే తెచ్చింది. పిల్ల తల్లి భుజం మీద తల పెట్టి కొబ్బరికాయ పీచు పీకుతోంది.

"మూత తీయించండి," అన్నాను.

వెల్డింగ్ అతను టీ గ్లాసుతోనే వచ్చాడు. "మళ్ళ కొయ్యాల్నా? అతుకు ఇంకా సల్లారనే లేదు. ఓ గంట ముందు చెప్తే ఏం బోయె అమ్మా?"

"ఓ గంట ముందు నాకు తెలిస్తేగా," అన్నాను.

కోసేటప్పుడు మూత ఒక మూల వంకర పోయింది. పలకకు ఏమీ కాలేదు. గాట్లు ఈసారి తీరిగ్గా చూశాను. కొన్ని లోతుగా, కొన్ని గోటితో గీసినట్టు. వంటమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పిల్ల చెయ్యి నన్ను పట్టమన్నారు గానీ నేను ఆ పలక మీద నేర్చినదాన్ని కాదు, వద్దన్నాను. పైగా కింద కూర్చుంటే లేవలేను. పిల్ల గీసిన గీత వంకరగా పోయి చట్రానికి తగిలి ఆగింది. కొబ్బరిముక్క చేతిలో పడేదాకా అది రెండో గీత గియ్యనంది.

పెట్టెలో పలక ఉన్నచోట ఖాళీ పడి మిగతావన్నీ కదులుతున్నాయి. వంటశాల నుంచి బియ్యపు గోనె అడిగి తెచ్చి మడిచి కుక్కాను. మూత మళ్ళీ అతికించే ముందు లోపల పెట్టాల్సిన జాబితా కాగితం తీయించాను. పదకొండో వస్తువు కొట్టేస్తే లెక్క తప్పుతుంది, ఉంచితే అబద్ధమవుతుంది. చాలాసేపు కలం పట్టుకు కూర్చున్నాను. ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు.

పలక అన్న మాట పక్కన ఇలా రాశాను: పెట్టెలో లేదు. వాడుకలో ఉంది. గూడెంలో అడగండి.

కింద తేదీ వేసి, ఆటో ఎక్కాను.