నేను చెయ్యని ఫోను

ఆరేళ్లుగా ఒక ఫోను బరువు మోస్తున్నాను. చేసింది కాదు, చెయ్యాల్సి ఉండీ చెయ్యనిది. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో ఒక స్కిన్ క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా ఉండేదాన్ని. డాక్టరుగారు కలకత్తా నుంచి శనివారాలే వచ్చేవారు. మా చర్చి క్వయర్‌లో ముందు వరసలో పాడే కరుణ, నాకు వరసకు వదిన, రైల్వే ఆఫీసు నుంచి రిటైరవబోతోంది. వీడ్కోలు ఫొటోలో ముఖం పీక్కుపోయినట్టు కనబడకూడదని ఆమె ఆశ. ముక్కు పక్కనుంచి నోటిదాకా దిగిన గీతల్లో ఫిల్లర్ వేయించుకోమన్నది నేనే. చర్మం కింద జెల్ ఎక్కిస్తారు, పల్లం పూడుతుంది, ఏడాదికల్లా అదే కరిగిపోతుంది అన్నాను. ఇంకొకటి కూడా నాకు తెలుసు. ఆ జెల్ రక్తనాళానికి అడ్డుపడితే చర్మం తెల్లబడి నొప్పి పుడుతుంది, వెంటనే దాన్ని కరిగించే ఇంజక్షన్ ఇవ్వాలి. అలా ఎవరికైనా అయితే క్షణం ఆగకుండా ఫోన్ చెయ్యమని డాక్టరుగారు నాకు చెప్పే ఉంచారు. వదినకు అది చెప్పలేదు. భయపడి మానేస్తుందని.

ఒక శనివారం వదిన వచ్చి వేయించుకుని వెళ్లింది. ఆ సాయంత్రమే నాకు ఫోన్ చేసింది.

"ముక్కు పక్కన తెల్లగా అయిపోనాదమ్మా. మంట ఓర్సుకోలేకపోతన్నాను. ఏటి సెయ్యాల?"

"వాపే వదినా, అందరికీ వస్తాది. ఐసు ఎట్టుకో. రేపటికి తగ్గిపోద్ది."

"డాక్టరుగారికి ఓపాలి సెప్పవా?"

"సెప్తానులే."

చెప్పలేదు. ముందు వారమే ఎవరిదో మామూలు వాపు చూసి కంగారుపడి ఫోన్ చేసి, ఆయన చేత చీవాట్లు తిన్నాను. మళ్లీ తినడం ఇష్టం లేకపోయింది. అంతేనా? ఒక మనిషి ముఖం కన్నా నాకు పడే నాలుగు తిట్లు ఎక్కువయ్యాయా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు వస్తోంది. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరికితే బాగుండునని సిగ్గులేకుండా ఇంకా వెతుక్కుంటున్నాను.

సోమవారానికి అక్కడ నల్లబడి పుండైంది. డాక్టరుగారు ఏమన్నారని వదిన అడిగితే, కొందరి ఒంటికి పడదన్నారని అబద్ధమాడాను. నమ్మింది. మళ్లీ క్లినిక్ గడప తొక్కలేదు. నూనె చింది కాలిందని అందరికీ చెప్పుకుంది. వీడ్కోలు ఫొటో తీసేటప్పుడు బయటికి వెళ్లిపోయిందట.

పుండు మానింది, మచ్చ ఉండిపోయింది. ఒక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ వదిన లేచి నిలబడింది.

"నూనె అని అబద్దమాడినాను. అందం కోసం సూదులు ఏయించుకున్నాను. నా గర్వానికి దేవుడు శిక్ష ఏసినాడు. ఆయనకే స్తోత్రం."

అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. గట్టిగానే అన్నాను.

ఇప్పుడు వదిన వెనక వరసలో గోడవైపు కూర్చుంటుంది. పాడదు. నేను ఆలస్యమైతే పక్కన నాకు చోటు ఉంచుతుంది. నేనెళ్లి ఆ చోటులోనే కూర్చుంటాను.

ఆ శిక్ష దేవుడు వేసింది కాదు. నంబరు ఎదురుగా ఉంచుకుని ఫోన్ చెయ్యనిది నేను. ఈ ఒక్క మాట రాయడానికి ఆరేళ్లు పట్టింది. రాశాక గుండె కాస్త తేలికైంది, అదీ తప్పేనేమో.

వదిన మాత్రం తనను క్షమించమని ఇంకా దేవుణ్ణే అడుగుతోంది.