ఓడలో వాయవ్యం గది

లోపలి నుంచి పెట్టుకోవడానికి ఒక గొళ్ళెం ఉంటే చాలు, జీవితానికి ఇంకేమీ అక్కర్లేదని గట్టిగా నమ్మిన రోజులవి. నాకప్పుడు పదహారేళ్లు. చందానగర్‌లో మా ఇంట్లో నాకూ తమ్ముడికీ కలిపి ఒకే గది. దానికి తలుపు ఉండేది గానీ వేసుకునే హక్కు ఉండేది కాదు. ఇంటర్ ఒకరు, తొమ్మిదో తరగతి ఒకరు చదివే ఇంట్లో పిల్లల తలుపు మూసి ఉండకూడదన్నది నాన్న పెట్టిన చట్టం. (సెల్‌ఫోన్ కనిపెట్టినవాడి మీది కోపం మా తలుపు మీద చూపించేవాడు.) అందుకే సెలవుల్లో చెన్నై వెళ్లి మూడు రోజులు ఓడ మీద తిరిగొద్దామని నాన్న అన్నప్పుడు నాకు సముద్రం గుర్తు రాలేదు. నలుగురికి రెండు గదులు తీసుకుంటారు, అందులో ఒకటి మా పిల్లలకే కావాలి, అదీ అమ్మానాన్నలకు దూరంగా ఉండాలి అన్నదే నా ఆలోచనంతా. తమ్ముడితో చిక్కులేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నాడంటే గదిలో ఉన్నా లేనట్టే.

రాయదుర్గం మెట్రో స్టేషన్ ఎదుటి భవనంలో ట్రావెల్ ఏజెంటు ఆఫీసు. ఆయనది గోదావరి వైపు, మాటకోసారి అండీ అంటాడు. ఓడ ప్లాను తీసి బల్ల మీద నిలువుగా పరిచాడు. మా నాన్న నార్సింగిలో ప్లాట్లు అమ్ముతాడు. కాగితం మీద గళ్లు గీసి నంబర్లు వేస్తే ఆయనకది లేఔటే, దాని పైవైపు ఉత్తరమే. కిటికీ ఉందా, బాల్కనీ ఉందా అని అడగలేదు. తూర్పు ఫేసింగ్ ఎన్ని మిగిలాయని అడిగాడు. ఓడ తిరుగుతుంటుందండీ, పొద్దున తూర్పున్నది సాయంత్రానికి పడమరవుతుందండీ అని ఏజెంటు ఓపిగ్గా చెప్పి చూశాడు.

"తిరిగితే తిరగనీ సార్. ప్లాన్ల ఎట్లుందో గదే ఖాయం," అన్నాడు నాన్న.

నేను ఆ అదను కోసమే కూర్చున్నాను. ఇంటి యజమాని నైరుతిలో ఉండాలని, పెళ్లికాని ఆడపిల్లకు వాయవ్యం మంచిదని వినయంగా గుర్తుచేశాను. (వాస్తులో నా పాండిత్యం ముందురోజు ఫోన్‌లో చదివినంతే.) ఆ ప్లాను ప్రకారం నైరుతి అంటే ఓడ వెనక కొస, వాయవ్యం అంటే ముందు కొస. మధ్యలో ఒక వీధంత నడవా. నాన్న ముఖం విప్పారింది. బిడ్డ తన వ్యాపారాన్ని చిన్నచూపు చూస్తోందని ఆయనకు ఎప్పటినుంచో బాధ. మా పాపకు అన్నీ తెలుసని ఏజెంటుతో గర్వంగా చెప్పుకున్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

అంతా కుదిరిందనుకున్నాక ఏజెంటు అసలు నిబంధన బయటపెట్టాడు. పిల్లల్ని విడిగా ఉంచకూడదట, ప్రతి గదికీ పెద్దవాళ్లలో ఒకరి పేరు ఉండాలట.

"పేరుకేనండీ. సార్‌ని బాబుతో, మేడమ్‌ని పాపతో వేస్తాను. ఓడెక్కాక మీలో మీరు మార్చుకోండి, ఎవరూ అడగరండీ."

అందరూ చేసేది అదేనట. కానీ మా నాన్న దగ్గర ఆ పప్పులుడకవు. కాగితంలో ఒకరు, కబ్జాలో ఒకరు ఉండి కోర్టుకెక్కిన ప్లాట్లను ఆయన చాలా చూశాడు.

"ఎవరి పేరు మీదుంటే ఆళ్లే ఉండాలె. లేకుంటే రేపు పంచాయితీ," అని తేల్చేశాడు.

ఆశగా అమ్మ వైపు చూశాను. నాన్న పట్టింపులకు విసుక్కునే మనిషి, అడ్డు చెబుతుందనుకున్నాను. అమ్మ మాత్రం అట్లాగే రాయించమని, తను బిడ్డతో ఉంటానని చెప్పింది. మరీ తొందరగా చెప్పిందని నాకప్పుడు తట్టలేదు. నాకు కాపలాకే వస్తోందనుకుని, కారెక్కి తలుపు గట్టిగా వేశాను.

ఓడెక్కి గదిలోకి రాగానే అమ్మ చేసిన మొదటి పని గొళ్ళెం పెట్టడం. తర్వాత కిటికీ పక్క మంచం తీసుకుంది, నన్ను అడగనైనా అడగలేదు. తడి తువ్వాలు కుర్చీ మీద పడేసింది. (ఇంట్లో అదే పని నేను చేస్తే ఏమయ్యేదో రాయక్కర్లేదు.) మర్నాడు మధ్యాహ్నంలోగా నాన్న ఓడ ఆ చివర నుంచి నాలుగుసార్లు నడిచొచ్చాడు. బీపీ గోలీలెక్కడ, తమ్ముడి చొక్కా ఎక్కడ, చాయ్ తాగుదామా అంటూ. అమ్మ పడుకున్నచోటు నుంచే జవాబులిచ్చింది. నాలుగోసారి నేను లేచి తలుపు తీయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ బిడ్డా. మా అమ్మగారింట్ల ఆరుగురం ఒక్క అర్రల పండుకునేటోళ్లం. పెండ్లయినంక మీ నాయిన, ఎనుక మీరు. నలబై రెండేండ్లల్ల నేను తలుపేసుకునుడు గిదే మొదలు. దూరం గది అడిగి మంచిపని చేసినవ్."

అప్పటిదాకా మా ఇంట్లో గొళ్ళెం కావాలని కోరుకునే మనిషిని నేనొక్కదాన్నే అనుకున్నాను. నాన్నకు తోడుగా చాయ్‌కి వెళతానని చెప్పి బయటికొచ్చాను. నడవాలో రెండడుగులు వేశానో లేదో, వెనక గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. మూడు రోజుల్లో ఒక్క గంట ఆ గది అమ్మకు పూర్తిగా వదిలేసి, ఎంతో త్యాగం చేశానని ఆ పదహారేళ్ల పిల్ల ఇంటికి చేరేదాకా పొంగిపోయింది, పాపం.